ఫ్లోరైడ్ పాఠానికి చీటీలు, బాణాలు: ఎనిమిదో తరగతి కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఏ ఊరి బడికి పోయి "ఫ్లోరోసిస్ ఎందుకొస్తది?" అని అడిగినా చెయ్యెత్తని పిల్లలుండరు. "బోరు నీళ్లు తాగితే వస్తది సార్" అంటారు. జవాబు తప్పేం కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బే ఫ్లోరోసిస్. అయితే బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎక్కణ్నుంచి వచ్చింది? పక్క ఊళ్లోనూ బోరు నీళ్లే తాగినా అక్కడ అంతగా ఎందుకు లేదు? ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నా పెద్దవాళ్ల నడుములు ఎందుకు తిన్నగా కావడం లేదు? ఈ మూడు అడిగేసరికి ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగుతాయి. బోరు, రాయి, వాన, పళ్లు, ఎముకలు అన్నీ పిల్లలకు తెలిసిన సంగతులే. దేనివల్ల ఏది జరిగిందో వరుస మాత్రం పట్టుబడదు.

అలాంటి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నీటి వనరుల పాఠాన్ని ఊరి నీళ్లతో కలిపి గ్రాఫిక్ ఆర్గనైజర్లతో నడిపిన తీరు ఇది. గ్రాఫిక్ ఆర్గనైజర్లంటే ఇక్కడ డబ్బాలు, బాణాలు, గళ్ల పట్టికలు, అంతే. తరగతిలో 36 మంది, నలుగురేసి చొప్పున 9 గుంపులు, 45 నిమిషాల పీరియడ్లు ఐదు. సోషల్ టీచరు మూడు, ఫిజికల్ సైన్స్ టీచరు రెండు పీరియడ్లు తీసుకున్నారు. ప్రొజెక్టర్ వాడలేదు, దాని అవసరమూ పడలేదు.

మైండ్ మ్యాప్ ఎక్కడ ఆగిపోతుంది

మైండ్ మ్యాపింగ్ మన బడులకు కొత్తది కాదు. పాఠం మొదట్లో బోర్డు మధ్యన ఒక మాట రాసి, పిల్లలు చెప్పినవన్నీ చుట్టూ రాయడం ప్రతి టీచరుకూ అలవాటే. ఇక్కడా మొదటి ఐదు నిమిషాలు అదే చేశారు. "ఫ్లోరైడ్" చుట్టూ బోరు, పళ్లు, భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం), రాళ్లు, మోకాళ్ల నొప్పులు, నల్లగొండ, క్యాన్ నీళ్లు చేరాయి. చూడ్డానికి నిండుగా ఉంది. కానీ రాళ్లు కారణం, పళ్లు ఫలితం, భగీరథ పరిష్కారం, నల్లగొండ చోటు. నాలుగింటికీ గీత ఒకేలా ఉంది. పిల్లలకు ముందే ఏం తెలుసో తేల్చుకోవడానికి ఈ బొమ్మ చాలు. పాఠం మొత్తం దీంతోనే లాగితే నోటుబుక్కులో సూర్యుడి బొమ్మ మిగులుతుంది.

అందుకే ప్రశ్నను బట్టి ఆకారం ఎంచుకోవాలి. "ఎందుకు" అని అడిగితే కారణాల గొలుసు. "ఏది ముందు, ఏది తర్వాత" అయితే ఫ్లో చార్టు. "తేడా ఏమిటి" అయితే పట్టిక. "అంటే ఏమిటి" అయితే నాలుగు గళ్ల బొమ్మ: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి. ఈ చివరిది 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరోతీ ఫ్రేయర్ బృందం తయారుచేసిన నమూనా. కొత్త పదాలకు బాగా పనికొస్తుంది గానీ ఈ పాఠంలో దానికి పది నిమిషాలు మించి ఇవ్వలేదు. నాలుగూ సమానంగా పంచాలనుకుంటే ఏదీ లోతుకు పోదు. ఇక్కడ గొలుసుకే రెండు పీరియడ్లు పట్టాయి. పట్టాలి కూడా.

చీటీలు

ఏ4 కాగితాన్ని ఎనిమిది సమాన ముక్కలుగా కోస్తే ఒక్కో చీటీ దాదాపు పదిన్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు వస్తుంది. ఇంతకంటే చిన్నదైతే తెలుగు మాటలు పట్టవు, పట్టించినా ఎదుట కూర్చున్న పిల్లకు కనబడవు. గుంపుకు రాసిన చీటీలు 12, ఖాళీవి 3. తొమ్మిది గుంపులకు 135 చీటీలు, అంటే 17 కాగితాలు. ఒకవైపు వాడేసిన పాత పరీక్ష పేపర్లు చాలు.

రాసిన పన్నెండు ఇవి: తక్కువ వానలు, ఎండిన చెరువు, లోతు బోరు, గ్రానైటు రాయి, నీరు రాతి సందుల్లో చాలాకాలం నిలవడం, ఫ్లోరైడ్ కరగడం, తాగే నీళ్లు, వంట నీళ్లు, పళ్ల మీద గార, ఎముకలు బిగుసుకుపోవడం, కృష్ణా నీళ్లు, నీటి పరీక్ష.

"ఫ్లోరోసిస్" అనే చీటీ కావాలనే పెట్టలేదు. పెడితే మిగతా చీటీలన్నీ దాని చుట్టే చేరతాయి, మళ్లీ సూర్యుడే. పళ్లనూ ఎముకలనూ విడదీయడానికి ఇంకో కారణం ఉంది, దాని సంగతి కింద వస్తుంది. "వంట నీళ్లు" చీటీ ఈ పాఠంలో అన్నింటికంటే ఎక్కువ మాటలు పుట్టించింది. తాగడానికి క్యాన్ నీళ్లో నల్లా నీళ్లో తెచ్చుకుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బియ్యంతో పాటు ఉడికిన నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు.

ఒక్కొక్కరికి మూడు చీటీలు. ఎవరి చీటీ వాళ్లే జరపాలి, పక్కవాళ్లు ముట్టుకోకూడదు. రెండు చీటీల మధ్య బాణం గీయాలంటే ఆ రెండు చీటీల సొంతదారులూ ఆ సంబంధాన్ని ఒక పూర్తి వాక్యంగా పైకి చెప్పాలి. ఈ నియమం లేకపోతే గుంపులో చేతిరాత బాగున్న ఒక్కరే అంతా రాస్తారు, మిగతా ముగ్గురు స్కెచ్ పెన్నుల మూతలు తీసి అందిస్తుంటారు. చదవడం ఇంకా గట్టిపడని పిల్లలకు బోరు పంపు, చెరువు, బిందె బొమ్మలున్న చీటీలు ఇచ్చారు. వాక్యం చెప్పడం వాళ్ల పనే, రాసిపెట్టడం పక్కవాళ్ల పని.

గీసే చోటు చార్టు కాదు, గచ్చు. షాబాదు బండల మీద చీటీలు పరిచి, మధ్యలో చాక్‌పీస్‌తో బాణాలు గీయించారు. డ్రాయింగ్ షీటు ఇస్తే పిల్లలు తప్పు పోతుందని భయపడతారు, లేదంటే అంచులకు పూలు గీస్తూ కూర్చుంటారు. బండ మీద గీత తడిగుడ్డతో పోతుంది కాబట్టి బాణం తిప్పడానికి ఎవరూ వెనకాడరు. ఫ్యాన్ తిరుగుతుంటే చీటీలు లేస్తాయి, గుంపుకు గుప్పెడు కంకర రాళ్లు ముందే పెట్టుకోవాలి. వానాకాలం గచ్చు తేమగా ఉంటే పాత క్యాలెండర్ల వెనకవైపు పెన్సిల్‌తో గీయించవచ్చు. మైదా జిగురు మాత్రం వాక్యాలన్నీ చదివి ఒప్పుకున్నాకే బయటికి తీయాలి.

పళ్ల సంగతి ఎత్తేముందు ఒక జాగ్రత్త. తరగతిలోనే గార పళ్ల పిల్లలుంటారు. "ఎవరి పళ్ల మీద మచ్చలున్నాయి?" అని అడిగితే ఆ పిల్ల ఆ పీరియడ్ మొత్తం చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంటుంది. పాఠాన్ని నీళ్లతో మొదలుపెట్టాలి, మనుషులతో కాదు. ఊళ్లో నడుము వంగిన పెద్దాయన ఫొటో బోర్డు మీద అంటించడం లాంటివి అసలే వద్దు. గొలుసులో "పళ్ల మీద గార" ఒక చీటీ మాత్రమే, అది ఎవరి నోరూ కాదు.

బాణం మీద ఏం రాయాలి

ఖాళీ బాణాన్ని ఒప్పుకోకూడదు. ఖాళీ బాణం ఉన్న చోట పిల్లకు ఆ సంబంధం తెలియదనే అనుకోవాలి, చాలాసార్లు టీచరుకు కూడా. శిక్షణల్లో చూపే కాన్సెప్ట్ మ్యాపుల పద్ధతి కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ 1970ల్లో రూపొందించింది. అందులో రెండు డబ్బాల మధ్య గీత మీద క్రియ రాస్తారు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఆ నమూనాను ఉన్నదున్నట్టు దింపితే పిల్లలు తడబడతారు. "లోతు బోరు – కలిగి ఉంటుంది – ఫ్లోరైడ్" లాంటి మాట ఎవరి నోటా రాదు.

అందుకని బాణాల మీద రాయడానికి నాలుగే మాటలిచ్చారు: "కాబట్టి", "లో", "నుంచి", "కలిస్తేనే". క్రియ పిల్లలే నోటితో చెప్పాలి. చెరువు ఎండింది, కాబట్టి బోరు లోతుకు వేశారు. రాయి నుంచి ఫ్లోరైడ్ కరిగింది. బాణం దిశ సరిచూడటానికి కూడా "కాబట్టి" బాగా పనిచేస్తుంది. మూడు నాలుగు గుంపులు ఫలితం నుంచి కారణానికి బాణం గీశాయి, ఎందుకంటే వాళ్ల బుర్రలో నడుస్తున్న ప్రశ్న "ఎందుకు". "బోరు లోతుకు వేశారు కాబట్టి చెరువు ఎండింది" అని చదివించగానే గుంపంతా నవ్వి బాణం తిప్పేసింది. టీచరు తప్పని చెప్పాల్సిన పనే పడలేదు. అన్నట్టు, ఒక గుంపులో ఒకమ్మాయి ఆ వాక్యం కూడా కొంత నిజమేనంది: చెరువు చుట్టూ బోర్లు పెరిగితే భూగర్భ జలం దిగిపోతుంది, చెరువు నీళ్లు కూడా ఇంకిపోతాయి. అక్కడ రెండో బాణం వెనక్కి గీయించారు. అలాంటి బాణం దొరికితే చెరపకూడదు.

తర్వాత వచ్చిన చిక్కు గెంతులు. "తక్కువ వానలు" నుంచి నేరుగా "ఎముకలు బిగుసుకుపోవడం" మీదికి ఒకే బాణం. ఖాళీ చీటీలు మూడు ఇచ్చింది ఇందుకే. టీచరు బాణం మధ్య వేలు పెట్టి "ఈడ ఏం జరిగింది?" అని మాత్రమే అడగాలి, జవాబు చెప్పకూడదు. ఒక గుంపు "తాగే నీళ్లు"కూ "ఎముకలు"కూ మధ్య ఖాళీ చీటీ పెట్టి "చాలా ఏండ్లు" అని రాసింది. ఆ ఒక్క చీటీతో, ఒక పూట బోరు నీళ్లు తాగితే ఏమీ కాదన్న సంగతి గొలుసులోకి వచ్చేసింది.

ఇక ఎక్కువ సమయం తినేది, తినాల్సింది, "కలిస్తేనే". గ్రానైటు రాయి నుంచి "ఫ్లోరైడ్ కరగడం"కు ఒక బాణం, "నీరు చాలాకాలం నిలవడం" నుంచి ఇంకో బాణం గీస్తే రెండింటిలో ఏ ఒక్కటైనా చాలన్న అర్థం వస్తుంది. నిజానికి ఫ్లోరైడ్ ఖనిజాలున్న రాయీ ఉండాలి, నీరు దాన్ని అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి ఉండనూ ఉండాలి. ఈ ప్రాంతపు గ్రానైటు రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్ లాంటి ఖనిజాలుంటాయి. నీళ్లలో కాల్షియం తక్కువగా, క్షారత ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. ఈ చివరి ముక్క ఎనిమిదో తరగతికి అక్కర్లేదు, టీచరుకు తెలిసి ఉంటే చాలు. రెండు బాణాలనూ ముందే ఒకచోట కలిపి, ఒకే మొనగా డబ్బాకు తగిలిస్తే అది "కలిస్తేనే" గుర్తు.

దీని వెంటే పిల్లలే లేవనెత్తారు: "మా బాయికాడి బోరు, పక్క చెలక బోరు రెండూ ఒకే లోతు సార్, దాంట్ల లేదంట, మాదాంట్ల ఉందంట." నిజమే, రాయి తీరు మారితే వంద గజాల దూరంలోనే లెక్క మారవచ్చు. కాబట్టి "లోతు బోరు" నుంచి వచ్చే బాణాన్ని చుక్కల గీతగా మార్చారు. గట్టి గీత ఉంటే తప్పక జరుగుతుంది, చుక్కల గీత ఉంటే జరగవచ్చు. చుక్కల గీత ఉన్న ప్రతిచోటా "నీటి పరీక్ష" చీటీ పెట్టాలన్న మాట ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే అన్నారు. అప్పటిదాకా ఆ చీటీకి ఏ గుంపులోనూ చోటు దొరకలేదు, ఒక మూలన పడి ఉంది.

"కృష్ణా నీళ్లు", అంటే నల్లాలో వచ్చే నది నీళ్ల చీటీకి కూడా ఇలాంటి చిక్కే. దాని నుంచి బాణం ఎటు గీయాలి? అది దేనికీ కారణం కాదు. అది ఒక బాణాన్ని తెంచుతుంది. కాబట్టి "ఫ్లోరైడ్ కరగడం" నుంచి "తాగే నీళ్లు"కు వచ్చే బాణం మీద అడ్డగీత గీసి, చీటీని దాని పక్కన పెట్టించారు. అప్పుడు అసలు ప్రశ్న అడగాలి: అడ్డగీతకు ఇవతలున్న చీటీలు మాయమవుతాయా? కావు. బిగుసుకున్న ఎముకలు నీళ్లు మారినంత మాత్రాన సాగవు. పంటి మీది పింగాణీ పొర చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది. అప్పుడు పట్టిన గార తోమితే పోదు. మిషన్ భగీరథను 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించారు, ఊళ్లకు నల్లాలు చేరింది ఆ తర్వాత. నల్లా రాకముందే పళ్లు తయారైన అన్నకూ, వచ్చాక తయారైన చెల్లెకూ తేడా ఎందుకుండవచ్చో పిల్లలు ఈ అడ్డగీత చూపించే చెప్పగలిగారు. పళ్లు, ఎముకలు వేర్వేరు చీటీలుగా ఉండాల్సింది ఇందుకే. పళ్లకు వయసు హద్దుంది, ఎముకలకు లేదు. ఏ వయసులోనైనా ఏళ్ల తరబడి తాగితే దెబ్బ పడుతుంది.

"కాగబెడితే పోతది కద?"

ఈ తప్పు దాదాపు ప్రతి గుంపులోనూ ఉంది. సూక్ష్మజీవులకు చెప్పే మందునే పిల్లలు ఫ్లోరైడ్‌కూ వర్తింపజేస్తారు. గొలుసులో ఒక ఖాళీ చీటీ మీద "కాగబెట్టడం" అని రాసి, అడ్డగీత పక్కన పెట్టేశారు. చెప్పి మాన్పించడం కంటే చేసి చూపడం నయం. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీద అర లీటరు మంచినీళ్లలో ఒక చెంచా ఉప్పు కలిపి సగమయ్యేదాకా కాగబెట్టి, చల్లారాక ఇద్దరు ముగ్గురితో చుక్కేసి రుచి చూపించారు. ఉప్పు పోలేదు, చిక్కబడింది. ఫ్లోరైడ్‌దీ అదే దారి, ఆవిరయ్యేది నీరే. క్లోరిన్ కూడా ఫ్లోరైడ్‌ను తీయదు. ఆ చీటీని గొలుసులోంచి తీసి పారేయకుండా, వెనక్కి తిప్పి "పనిచేయదు, ఎందుకంటే" అని రాయించి అక్కడే ఉంచారు.

వెన్ చిత్రం పక్కన పెట్టి పట్టిక

బోరు నీళ్లు, నల్లా నీళ్లు, క్యాన్ నీళ్ల తేడాలకు మొదట అనుకున్నది వెన్ చిత్రమే, అంటే ఒకదాని మీదికి ఒకటి వచ్చే వలయాల బొమ్మ. మూడు వలయాలు గీశాక మధ్యలో పడ్డ మాటలు "నీళ్లు", "తాగుతాం", "చల్లగ ఉంటయి". దేన్ని దేనితో పోల్చాలో వలయం చెప్పదు. పట్టికలో ఎడమ వరుస ఆ పని చేస్తుంది. ఇక్కడ ఎడమ వరుసలో ఉన్నవి: ఎక్కడి నుంచి వస్తుంది, ఫ్లోరైడ్ ఎంత, సూక్ష్మజీవులు ఉండవచ్చా, శుద్ధి ఎలా చేస్తారు, ఇంట్లో ఏ పనికి వాడుతున్నాం, చెడిపోతే ఎవరిని అడగాలి. ఈ చివరి రెండు పిల్లలు కలిపినవే. అసలైతే ఎడమ వరుస మొత్తం పిల్లల చేతే రాయించాలి, టీచరు నింపి ఇస్తే మిగిలేది ఖాళీలు పూరించండి.

ఫ్లోరైడ్ గడిలో "ఎక్కువ", "తక్కువ" రాయనివ్వలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండు అంకెలూ పట్టిక పైన రాసి, గడిలో పరీక్ష అంకె, పరీక్షించిన తేదీ రెండూ ఉంటేనే నింపాలన్నారు. రంగు పోల్చి చూసే కిట్ దొరికితే దాంతో చూడవచ్చు. అది దగ్గరి అంకె చెబుతుందే గానీ ల్యాబ్ అంకె కాదు, ఆ మాట కూడా గడిలో రాయించాలి. అంకె లేని గడిలో ప్రశ్నార్థకం పెట్టాలి. ప్రశ్నార్థకాలున్న పట్టికకు మార్కులు తగ్గించకూడదు.

నల్లగొండ పద్ధతి ఫ్లో చార్టు: రెండు దారులు

1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. ఈ పేరు వినగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వరుసగా వేసి, ముందు జోరుగా, తర్వాత మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేట తీసి వడకడతారు. ఇందులో మెలిక లేదు, ఎవరైనా గీస్తారు. ఒక్కో డబ్బా కింద ఇంకో చిన్న డబ్బా గీయించి "ఇది చేసే పనేంటి?" అని రాయించడమే కష్టం. సున్నం క్షారత సరిపడా ఉంచుతుంది. పటికతో ఏర్పడే మెత్తటి ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతాయి. బ్లీచింగ్ పౌడర్ పని సూక్ష్మజీవుల మీద. కింద డబ్బా గీయించకపోతే ఫ్లోరైడ్‌ను తీసేది బ్లీచింగేనన్న నమ్మకం పిల్లల్లో అలాగే ఉండిపోతుంది, వాసన గట్టిగా వస్తుంది మరి.

తొమ్మిది గుంపుల చార్టులూ "మంచినీళ్లు" డబ్బాతో ముగిశాయి. "మరి ఫ్లోరైడ్ ఏమైంది?" అంటే జవాబు లేదు. వేరుచేసే పని ఏదైనా సరే, చార్టుకు బయటికి పోయే దారులు రెండుండాలి. నీళ్లు ఒక దారి, మడ్డి ఇంకో దారి. ఫ్లోరైడ్ ఆ మడ్డిలో ఉంది. దాన్ని బోరు పక్కనే పారబోస్తే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. ఇదే నియమాన్ని తర్వాత వడపోత, స్వేదనం పాఠాల్లోనూ వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: దీన్ని ఇంట్లో అంచనాకు చేయవద్దని చార్టు మీదే రాయించాలి. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారతలను బట్టి మారుతుంది, ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది.

బొమ్మ నుంచి జవాబుకు

చాలా తరగతుల్లో బొమ్మ గోడెక్కాక పని అయిపోయిందనుకుంటారు. పరీక్షలో అడిగేది ఎనిమిది వాక్యాల జవాబు. గచ్చు మీద గొలుసు బ్రహ్మాండంగా పరిచిన పిల్ల, జవాబుపత్రంలో మళ్లీ "బోరు నీళ్లు తాగితే వస్తది" దగ్గరే ఆగిపోవచ్చు. అందుకని ఒక పీరియడ్ పూర్తిగా దీనికే ఇచ్చారు. గొలుసును నోటుబుక్కు రెండు పేజీల మీద దింపి, బాణాలకు వరుసగా అంకెలు వేయించారు. బాణానికొక వాక్యం. "కలిస్తేనే" బాణానికి రెండు కారణాలూ ఒకే వాక్యంలో రావాలి. చుక్కల బాణానికి "వచ్చు" తప్పక ఉండాలి. వాక్యాలు పూర్తయ్యాక బొమ్మ పేజీ మూసి, వాటిని కలిపి పేరా రాయాలి. అంకెలు వేయకుండా రాయిస్తే మధ్య చీటీలన్నీ ఎగిరిపోతాయి, మొదటిదీ చివరిదీ మిగులుతాయి.

2022–23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక పుస్తకాలు రెండు భాషల్లో పక్కపక్క పేజీలతో ఉన్నాయి. పిల్లలు ఆలోచించేది తెలుగులో, రాయాల్సింది ఇంగ్లిష్‌లో. చీటీ ముందువైపు తెలుగు మాట, వెనకవైపు ఇంగ్లిష్ మాట రాసి పెడితే అవే చీటీలు రెండో పనికీ వస్తాయి. గొలుసు తెలుగులో ఒప్పుకున్నాకే తిప్పాలి. ఇక్కడ ఒక ఇరకాటముంది. మనం కారణం ముందు చెప్పి ఫలితం తర్వాత చెబుతాం, బాణం కూడా అటే పోతుంది. ఇంగ్లిష్‌లో "బికాజ్" వాడితే సాధారణంగా ఫలితం ముందొస్తుంది, అంటే వాక్యం బాణానికి ఎదురు నడుస్తుంది. పిల్లలు బాణం వెంటే రాసుకుపోయి కారణాన్ని ఫలితంగా మార్చేస్తారు. మొదటి వారం "సో" ఒక్కటే వాడనిచ్చి, అది స్థిరపడ్డాక "బికాజ్" ఇచ్చి బాణం తోక నుంచి కాకుండా మొన నుంచి చదవమనాలి.

మార్కులు డబ్బాలకు ఇవ్వలేదు, ఎందుకంటే చీటీలు టీచరే ఇచ్చారు. దిశ సరిగా ఉండి, వాక్యం పైకి చెప్పగలిగిన బాణానికి ఒక మార్కు. "కలిస్తేనే" బాణానికి రెండు. అడ్డగీత సరైన బాణం మీద పడి, ఎందుకో చెబితే రెండు. రంగులకూ అంచులకూ సున్నా అని ముందే చెప్పడం మంచిది, లేకపోతే చివర్లో తగాదా.

ఇదే పద్ధతి వలస పాఠానికి

పాలమూరు వైపు టీచర్లు ఇదే చీటీల పద్ధతిని వలస పాఠానికి వాడుకోవచ్చు, ఆకారం మాత్రం మార్చుకోవాలి. వాన పోవడం, పంట దెబ్బతినడం, అప్పు, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, ఊరు విడవడం, పిల్లల చదువు ఆగడం, తిరిగొచ్చి మళ్లీ బోరు వేయడం, బోరు ఎండడం, మళ్లీ అప్పు. వీటిని తిన్నటి గొలుసుగా పరిస్తే చివరి చీటీ దగ్గర తెగిపోతుంది, నిజంలో అది మొదటికే వస్తుంది. గుండ్రంగా పరిచి, ఏ చీటీ నుంచైనా చదవడం మొదలుపెట్టమనాలి. పిల్లల ఇళ్ల నుంచే వలసపోయిన వాళ్లుంటారు కాబట్టి గార పళ్ల విషయంలో పాటించిన మర్యాదే ఇక్కడా: చీటీల మీద పేర్లు, ఊళ్లు వద్దు. చర్చకు అసలు పట్టు అడ్డగీతల దగ్గర దొరుకుతుంది. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు చెలక దాకా వస్తే ఏ బాణం తెగుతుంది? వానకూ పంటకూ మధ్యది. అప్పు నుంచి అడ్వాన్సుకు పోయే బాణం అలాగే ఉంటుంది, దాన్ని తెంచే చీటీ ఏదో గుంపులే ఖాళీ చీటీల మీద రాయాలి. ఈ పాఠానికి మూడు ఖాళీ చీటీలు చాలవు, గుంపుకు ఐదైనా ఇవ్వాలి.